చూచివచ్చిన కొండ



సెలవులు వచ్చినంతనే మనలోఁ బెక్కండ్రు పిల్లలతోఁ గూడి చల్లని కొండల కేఁగి వత్తురు. వచ్చినపిమ్మట సెల్‌ఫోనులోని వందలకొలఁది ఫొటోలను ఇరుగుపొరుగువారికిఁ జూపుదురు. రెండు నెలలు గడచినచో వానిని మఱల నెవ్వరును దెఱచి చూడరు. కాని మనసులో నాటుకొన్న దృశ్య మొకటి మాత్రము కూర తఱుగుచున్నప్పుడో, బట్టలు మడచుచున్నప్పుడో తలవని తలంపుగాఁ గన్నులయెదుట నిలుచును. అట్టి దృశ్యమును మన చేతితో మనమే కాగితముమీఁద వ్రాసికొనుట యెట్లో యీ నెల ముచ్చటింపఁ దలఁచితిని. నేను చిత్రకళను గురువునొద్ద నభ్యసించినదానను గాను. పిల్లల నీటిరంగుల పెట్టెతో మొదలిడి, చాల కాగితములు పాడుచేసి నేర్చికొన్న సంగతులనే చెప్పుచున్నాను.

మూఁడేండ్ల క్రిందట దసరా సెలవులలో మేము డార్జిలింగునకుఁ బోయితిమి. మా అత్తగారును మాతో వచ్చిరి. ఆమె కప్పటికి 74 ఏండ్లు. గోదావరి యొడ్డున పుట్టి, ఆ యొడ్డుననే మెట్టి, తిరుపతికంటె దూర మెఱుఁగనివారు. "పార్వతమ్మ పుట్టినిల్లు చూడకుండ నేను పోవుదునా?" యని యెప్పుడు ననుచుండువారు. కొండమీఁదికిఁ బ్రాఁకు బుల్లిరైలులో నామె పసిపిల్లవలె సంతోషించిరి. 1881లో డార్జిలింగు వఱకు నడచిన యీ రైలుమార్గమునఁ బట్టాల నడిమి దూరము రెండే యడుగులు. దారిలోని ఘూమ్ స్టేషను సముద్రమట్టమునకు 2,258 మీటర్ల యెత్తున నున్నది. 1999లో యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ సంపదలలోఁ జేర్చిరి.

మేము పోయిన మూఁడు దినములును మబ్బు వీడలేదు. కొండ యున్న దిక్కున తెల్లని తెర తప్ప మఱేమియుఁ గానరాలేదు. నాలవనాఁటి వేకువను టైగరు హిల్లునకుఁ బోవలెనని జీపు మాటాడితిమి. ఆ రాత్రియే అత్తగారికి ఆయాసము హెచ్చెను. ఇంకను బైకిఁ బోఁగూడదని వైద్యుఁడు చెప్పెను. నేను నుండిపోవుదు నంటిని. ఆమె యొప్పుకొనలేదు. "ఇంత దూరము వచ్చి యిద్దఱమును జూడకపోవుట యెందుకు? నీవు పోయి రమ్ము" అని దుప్పటి మీఁదికి లాగికొనిరి.

చీఁకటిలోఁ గొండ యెక్కి నిలిచితిమి. దిగువ డార్జిలింగు దీపములు మినుకుమినుకు మనుచుండెను. ఎదుట ఆకాశమున నెంత యెత్తున నుండునని నే ననుకొంటినో అంతకు రెట్టింపు యెత్తున ఒక గులాబిరంగు గీఁత కనఁబడెను. మొదట మబ్బనుకొంటిని. అది క్రమముగాఁ గ్రిందికి జాఱుచు బంగారువన్నె దాల్చి కొండయైనది. ఐదు నిమిషములకు తెల్లనై పోయెను. మేము బసకు మఱలునప్పటికి మఱల మబ్బు. మఱునాఁటికి టిక్కెట్లు.

నేను దీసిన ఫొటోను అత్తగారికిఁ జూపితిని. అందుఁ గాంచన్‌జంగ బియ్యపుగింజంత యుండెను. "ఇదియా హిమవంతుఁడు? వడియము లాఱవేసినట్లున్నదే!" యని నవ్విరి. పిదపఁ గొంతసేపు మాటాడక, "నీ మొగము చూడఁగా నీవు చూచినది వేఱని తెలియుచున్నది. ముగ్గులు పెట్టు చేయి గదా, ఇంటికిఁ బోయి వ్రాసి చూపు మమ్మాయీ" అనిరి.

ఇంటికి వచ్చి వ్రాసితిని. కొండ యంచును నల్లని పెన్సిలుతో గీసి, ముదురునీలము నింపి, శిఖరములపైఁ దెల్లరంగు మెత్తితిని. ముందు దేవదారు చెట్లు ఆకు ఆకునకు వ్రాసితిని. అత్తగారు చూచి, "బాగున్నది. కొండ మన పెరటిలోనే యున్నట్లున్నది, నడచి పోవచ్చును" అనిరి. ఆమె మెచ్చుకొనుటకే యట్లనిరి గాని, తప్పెక్కడనో నా కామాటతోనే తెలిసినది. నా చిత్రములో దూరము లేదు.

టైగరు హిల్లునుండి కాంచన్‌జంగ సుమారు 80 కిలోమీటర్ల దూరమున నున్నది. దాని యెత్తు 8,586 మీటర్లు, ప్రపంచమున మూఁడవది. 1852 వఱకు నిదియే యన్నిటికంటె నున్నతమైనదని తలఁచుచుండిరి. పేరు విని మనము కాంచనమును దలఁతుము గాని, టిబెట్టు భాషలో దాని కర్థము గొప్ప మంచు యొక్క యైదు నిధులని చెప్పుదురు. నిర్మలమైన దినమున టైగరు హిల్లునుండి ఎవరెస్టు శిఖరమును గనఁబడును. కాని దానికంటెఁ దక్కువ యెత్తు గల మకాలు శిఖరము దగ్గఱగా నుండుటచే నదియే పెద్దదిగాఁ దోఁచును. కంటికి దూరమే ప్రధానము గాని యెత్తు గాదు.

దూరమును రంగుతోఁ జూపవలెను. గాలి సూర్యకాంతిలోని నీలివన్నెను దక్కిన వన్నెలకంటె హెచ్చుగాఁ జెదరఁగొట్టును. మనకును గొండకును నడుమ నెంత గాలి యున్న నంత నీలికాంతి తెరవలె నడ్డముగా నిలుచును. కావున దూరపుఁ గొండలు పలుచనై, నీలమై, అంచులు మెత్తనై యుండును. దగ్గఱివి ముదురుగా, స్పష్టముగా నుండును. లియొనార్డో డావించి తన వ్రాఁతలలో నీ సంగతినే చిత్రకారులకు బోధించెను. ఉదయమున కిరణములు గాలిలో మిక్కిలి దూరము పయనించి వచ్చును గనుక నీలము దారిలోనే చెదరి యెఱుపు మిగులును. మంచుపైఁ బడు తొలివెలుఁగు గులాబిరంగుగా నుండుట కిదియే కారణము. మంచులోని నీడలకు వెలుఁగు నిచ్చునది ఆకాశము. కావున నవి నల్లగాఁ గాక నీలముగా నుండును.

చీనాదేశమున 11వ శతాబ్దమునాఁటి గువో షీ యను చిత్రకారుఁడు కొండలకు మూఁడు దూరములు చెప్పెను. క్రిందనుండి శిఖరమును దలయెత్తి చూచుట యొకటి. ముందునుండి వెనుకటి లోయలలోనికిఁ జూచుట రెండవది. దగ్గఱి కొండనుండి దూరపుఁ గొండలను సమముగాఁ జూచుట మూఁడవది. 1072లో నతఁడు వ్రాసిన 'తొలి వసంతము' నేఁటికిని తైపే నగరపు మ్యూజియములో నున్నది. మీరు చూచిన కొండ యీ మూఁటిలో నేదియో ముందు నిశ్చయించుకొనుఁడు.

ఇఁక వ్రాయు విధము. మొదట ఫోనును దూరముగాఁ బెట్టుఁడు. కన్నులు మూసికొని మిమ్మే ప్రశ్నించుకొనుఁడు: వెలుఁగు ఏ వైపునుండి వచ్చెను? అన్నిటికంటెఁ జీఁకటిగా నున్న దేది? మంచుపొగ యెక్కడ నిలిచెను? ఆకాశములోఁ గొండ యెంత భాగ మాక్రమించెను? జవాబులను మాటలలో వ్రాసికొనుఁడు. జ్ఞాపకము విడిచినవానిని మీరును విడువవచ్చును. నాఁడు మాచుట్టు వందలమంది జనము, కాఫీ కేకలు నుండెను. అవి నా చిత్రమునకు రాలేదు. అంచుల వంపు మఱచినచోఁ జివర నొకసారి ఫొటో చూడవచ్చును. ముందే చూచితిరా, ఫొటోనే దిద్దుదురు.

పిదప అఱచేతియంత కాగితములపై మూఁడు నాలుగు చిన్న నమూనాలు గీయుఁడు. పెద్ద చిత్రమునకు 300 గ్రాముల దళసరి కాగితమును బలకకు నాలుగువైపుల నంటింపుఁడు. కోబాల్టు నీలము, అలిజరిన్ ఎఱుపు, ఓకరు పసుపు, కావిరంగు - ఈ నాలుగును జాలును. తెల్లరంగు కొనవలదు; మంచు తెలుపు కాగితపు తెలుపే. కాంచన్‌జంగను 1955లో మొదట నెక్కిన జో బ్రౌన్, జార్జ్ బాండ్ అనువారు, సిక్కిము రాజున కిచ్చిన మాట చొప్పున శిఖరాగ్రమును ద్రొక్కక కొన్ని యడుగుల దిగువనే నిలిచి మఱలిరి. మన కుంచెయు నట్లే ఆ కొనను ముట్టకుండుట మేలు.

ఆకాశమును దడికాగితముపైఁ బలుచగాఁ బూయుఁడు. ఆఱిన తరువాత మంచు నీడలను, వెలుఁగు సోఁకినచోట గులాబిరంగును, పిమ్మట నడిమి కొండలను, చివర దగ్గఱి లోయను - ఒక్కొక్క పూఁత యాఱినపిదప మఱియొకటి వేయుఁడు. తొందరపడితిరా, రంగులు కలసి బురద యగును. నేను పప్పు పొయ్యిమీఁదఁ బెట్టి యొక పూఁత, దించి యొక పూఁత వేయుచుందును. మంచుపొగ కావలసినచోట తడికుంచెతో రంగు నద్ది శుభ్రమైన గుడ్డతో నొత్తుఁడు. ముందరి చెట్లు రెండు మూఁడు గుఱుతులుగా నున్నఁ జాలును.

ఇది మనకుఁ దగనిపని యనుకొనవలదు. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారు (1897-1925) చిత్రకళకుఁ బ్రాణము పోయుచున్న దినములలో వారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును గుంచె పట్టి చిత్రములు వ్రాసిరి.

నా నాలవ కాగితము కొంత కుదిరినది. అత్తగారి కప్పటికిఁ గన్నులలో శుక్లములు ముదిరినవి. కిటికీ వెలుఁగునకుఁ దీసికొనిపోయి చాలసేపు చూచిరి. "ఈ యెఱుపు ఎంతసేపుండెను?" అని యడిగిరి. "ఐదు నిమిషము లండి" అంటిని. "నే నెక్కడ నున్నాను?" అనిరి. నాకు అర్థము కాలేదు. "ఆ ప్రొద్దున నేనును అక్కడనే యుంటినిగదా. క్రింది లోయలో బసలో దీపము పెట్టుకొని మీకై కూర్చుంటిని. అది వ్రాయవా?" అనిరి.

లోయలోని ముదురునీలమును దడికుంచెతో ఆవగింజంత మేర నద్ది, గుడ్డతో నొత్తి, ఆఱిన తరువాత ఓకరు పసుపు చుక్క నొకటి పెట్టితిని.

మొన్న శస్త్రచికిత్స జరిగి యామెకుఁ జూపు కుదిరినది. చిత్రము దేవునిగది ప్రక్క గోడపై నున్నది. ఇంటికి వచ్చినవారికి అత్తగారు ముందుగాఁ గొండను జూపరు. చుక్కమీఁద వ్రేలు పెట్టి, "ఇది నేను" అని చెప్పి, పిదప నా కొండను జూపుదురు.

మీ రెవరికొఱకు వ్రాయుచున్నారో ముందు వారిని దలఁచుకొనుఁడు. వచ్చే నెల ఇంటనే పలకకుఁ గాగితము బిగించు విధమును వివరింతును.