పెరటి కోళ్ల చికిత్స: గాయం వేరు, తెగులు వేరు

సమగ్ర వ్యవసాయ విధానంలో భాగంగా వనరాజ, గ్రామప్రియ కోడిపిల్లలను పంపిణీ చేయడంతో విస్తరణ బాధ్యత తీరదు. వాటికి గాయమైనా, తెగులు సోకినా రైతు మహిళ తరచుగా వెళ్లేది మందుల దుకాణానికే. రెండింటికీ అక్కడ ఒకే యాంటీబయాటిక్ చేతికి వస్తుంది.

చిన్న గాయం ఇంట్లోనే నయమవుతుంది. కుక్క కరిచిన కోడిని, తోటివి పొడిచిన కోడిని వెంటనే వేరుచేయాలి. నెత్తురు కనిపిస్తే మిగిలినవి అక్కడే పొడుస్తాయి. పుండును ఉప్పునీటితో కడిగి, పోవిడోన్ అయోడిన్ పూసి, ఈగలు వాలకుండా గంప కింద ఉంచి పైన పలుచని గుడ్డ కప్పాలి.

కొక్కెర తెగులు అటువంటిది కాదు. అది వైరస్ వ్యాధి. మెడ మెలితిరిగి, ఆకుపచ్చగా విరేచనమవుతున్న కోడికి యాంటీబయాటిక్ తాగించడం దండగ. పైగా గుడ్లలో అవశేషాలు చేరవచ్చు. ఆహారానికి పెంచే జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది. తక్కిన మందుల విషయంలో మన కరపత్రాలు మౌనం వహించడం సమంజసంగా తోచదు.

మొదటి వారంలో లసోటా, ఎనిమిదో వారం ప్రాంతంలో ఆర్‌టూబీ టీకా వేయాలని విద్యార్థికీ తెలుసు. అసలు చిక్కు సీసాలో ఉంది. వంద, అంతకు మించిన మోతాదుల సీసాను ఒకసారి కలిపితే గంటా రెండు గంటలలో వాడేయాలి. ఇంటికి ఉన్నవి పది కోళ్లు. టీకా వేయించలేదని ఆ మహిళను నిందించడం అన్యాయం. ఊరంతటికీ ఒకే రోజు, తెల్లవారుజామున కోళ్లు గూడు విడవకముందే టీకా వేసే ఏర్పాటును, మంచుపెట్టె ఖర్చుతో సహా, పిల్లల పంపిణీ ప్రణాళికలోనే చేర్చాలి.