ఏ వైద్య కళాశాలలో జేరవలెను?



ఈ మాసము నిమ్మకాయ యూరగాయను గూర్చి వ్రాసెదనని వెనుకటి సంచికలో మాట యిచ్చితిని. ఆ మాట నిలుపుకొనలేక పోవుచున్నందులకు మన్నింపుడు. నీట్ ఫలితములు వెలువడినది మొదలు మా యింట నిమ్మకాయల మాట పోయి నిమ్మతోట మాటయే నడచినది. తోట నమ్మవలెనా, వద్దా యని. మీలో ననేకుల యిండ్లను ఇట్టి తర్జనభర్జనలే జరుగుచుండును గనుక మా కథ కొంత చెప్పుకొందును.

మా వదినగారి కుమార్తె వైద్యవిద్యకు తగిన ర్యాంకు తెచ్చుకొన్నది. ఆ పిల్ల గమ్యము ఎం.బి.బి.ఎస్.తో ఆగునది కాదు. రేడియాలజీ, అనగా ఎక్స్‌రే, స్కానింగు చిత్రములను జూచి రోగమును నిర్ణయించు శాస్త్రము, చదువవలెనని పట్టుదల. దానికి కారణము లేకపోలేదు. ఆమె తాతగారు వయసులో గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో మేస్త్రీగా నుండెడివారు. ముసలితనమున దగ్గు పట్టుకొనగా, ఛాతీ చిత్రమును జూచినవారు క్షయ యని వ్రాసి యిచ్చిరి. మందులు ఒకమారు ముగించి, తగ్గలేదని మరల మొదలుపెట్టి, రెండేండ్లు మ్రింగినారు. పిదప వేరొక డాక్టరు ఆ పాత చిత్రములనే వెలుతురునకు పట్టి చూచి, ఇది క్షయ కాదు, ఊపిరితిత్తులలో పేరుకొన్న రాతిధూళి యని చెప్పెను. దీనిని సిలికోసిస్ అందురట. అప్పటికి చేయదగిన దేమియు మిగులలేదు. మా చిల్లకూరు చుట్టుప్రక్కల నేటికిని సిలికా ఇసుక త్రవ్వకములు కలవు. ఆ ధూళిలో దిరుగు కూలీలను జూచినప్పుడెల్ల ఆ పిల్ల తాతను తలచుకొనును.

కోరిక మంచిదే గాని త్రోవ ఇరుకైనది. నాలుగున్నర యేండ్ల చదువు, ఒక యేడు హౌస్ సర్జనుగా పని, అటుపిమ్మట మూడేండ్ల ఎం.డి. ఆ ఎం.డి. సీట్లలో రేడియాలజీ, చర్మవైద్యము మొదలైనవి ముందు వరుస ర్యాంకులవారే తన్నుకొని పోవుచున్నారు. కావున నిప్పుడే, మొదటి మెట్టునందే, ఏ కళాశాలలో జేరిన రేపు ఆ సీటు దక్కునన్న ప్రశ్న పుట్టినది.

వదినగారి మనస్సు నెల్లూరు మీద. అక్కడి ఆనం చెంచు సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల 2014లో వెలసినది. గూడూరులో రైలెక్కిన చాలును, పిల్ల కండ్లముందే యుండును. ఆ పిల్ల మనస్సు తిరుపతి మీద. శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల 1960 నాటిది. దానికి రుయా ఆసుపత్రి అండ. ఇంతలో అమెరికానుండి ఆ పిల్ల చిన్నాయన ఫోను చేసి, ఇవేవియు గావు, మదరాసులో నొక పేరుమోసిన ప్రైవేటు విశ్వవిద్యాలయమున జేర్పుడని చెప్పెను. "పేరున్నచోట చదివినవారికే పెద్ద స్పెషాలిటీలు దక్కును. ఈ దేశమున నేను కన్నులార జూచుచున్నాను" అని ఆయన వాదము. అందులకు ఏటికి ఇరువది లక్షలకు పైగా రుసుము. అన్నగారికి ఉన్నది నాలుగెకరముల నిమ్మతోట.

నేను మొదట చిన్నాయన పక్షమే వహించితినని దాచనేల? మా నాయనగారు నాకు చిన్ననాట భారతము చెప్పినారు. తిక్కనగారి నెల్లూరిసీమలో బుట్టి ఉద్యోగపర్వము మరతునా? అర్జునుడును దుర్యోధనుడును ద్వారకకు బోయిన కథ నెత్తుకొని, "సైన్యమును గాదు, కృష్ణుని గోరుకొనుమమ్మా" అంటిని. ఆ పిల్ల నవ్వి, "అత్తా, ఇందులో కృష్ణుడెవరు? సైన్యమేది?" అని యడిగినది. నాకు జవాబు తోచలేదు. మా వారు కళ్లజోడు తుడుచుకొనుచు, "ముందు పరీక్ష యెట్టిదో చూడుడు, పిదప పురాణము" అనిరి. బడిపంతులు గదా, ఆయనకు ప్రశ్నపత్రము చూడనిదే ఏదియు దోచదు.

చూచితిమి. పి.జి. సీటునకై నీట్ పి.జి. యను పరీక్ష కలదు. పూర్వము రాష్ట్రమున కొక పరీక్ష యుండెడిది; 2017 నుండి దేశమంతటికిని ఇదియే. ప్రశ్నలు 200, మార్కులు 800, సమయము మూడున్నర గంటలు. సరియైన జవాబునకు నాలుగు మార్కులు, తప్పునకు ఒక మార్కు కోత. ఎయిమ్స్, పుదుచ్చేరి జిప్మరు మొదలగు సంస్థలకు వేరొక పరీక్ష కలదు. అక్కడను ర్యాంకే ప్రమాణము. చదివిన కళాశాల పేరునకు గాని ఆచార్యుల సిఫారసు ఉత్తరమునకు గాని ఈ లెక్కలో చోటు లేదు.

మరి చిన్నాయన అబద్ధ మాడినాడా? లేదు. ఆయన చెప్పినది ఆయన యున్నచోట నిజము. అమెరికాలో స్పెషాలిటీ శిక్షణకు ఆసుపత్రులవారు అభ్యర్థులను పిలిచి మాటలాడి ఎన్నుకొందురు. చదివిన పాఠశాల, చేసిన పరిశోధన, ఆచార్యుల ఉత్తరములు, అన్నియు తూచుదురు. పైగా 2022 జనవరినుండి అక్కడి మొదటి మెట్టు పరీక్షలో మార్కులు తీసివేసి, ఉత్తీర్ణుడా కాదా యన్నది మాత్రమే తెలుపుచున్నారు. మార్కుల బలము తగ్గినచోట పేరు బలము పెరుగుట సహజమే గదా. ఒక దేశపు సలహాను మరియొక దేశమున కట్లే మోసికొని వచ్చుటలో నున్నది చిక్కు. అందులోను తోట మనది.

ఇంకొక సంగతి మా వారు వెదకి పట్టినారు. ప్రభుత్వ కళాశాలల పి.జి. సీట్లలో సగము అఖిల భారత కోటాకు పోవును. తక్కిన సగము రాష్ట్రము నింపుకొనును. ఆ రాష్ట్రభాగములో నివాసమును బట్టి రిజర్వేషను చెల్లదనియు, చదివిన సంస్థను బట్టి మితముగ ప్రాధాన్య మియ్యవచ్చుననియు 2025 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చిల్లకూరులో బుట్టితినన్న మాట రేపు అక్కరకు రాకపోవచ్చును. ఆంధ్రదేశములో చదివితి నన్నది అక్కరకు రావచ్చును. పొరుగు రాష్ట్రమునకు పోవువారు ఈ సంగతి నాలోచించి మరి పోవలెను.

అట్లని కళాశాలలన్నియు నొక్కటే యనుట గాదు. నేనును ఆ పిల్లయు మూడు చోట్లకు బోయి చూచి వచ్చితిమి. మూడవదాని పేరు చెప్పను. చలువరాతి మెట్లు, అద్దాల గోడలు, వాకిట నీటి ఫౌంటెను. వార్డులోనికి దొంగచాటుగా తొంగిచూచితిమి. పడకలమీది దుప్పట్లు నలగలేదు. రోగి లేనిచోట వైద్యుడు దేనిని జూచి నేర్చుకొనును? చిత్రములు చదువగోరువారి కిది మరింత ముఖ్యము. ఎం.బి.బి.ఎస్.లో రేడియాలజీ విభాగమున గడపునది కొద్ది వారములే. ఆ విభాగ మెంత గొప్పదైనను అప్పుడు కలుగు లాభము స్వల్పము. కాని వేయిమంది ఊపిరి చప్పుడు చెవితో విన్న తరువాత ఛాతీ చిత్రమును జూచుట వేరు, వినక జూచుట వేరు. ఇది నా మాట కాదు, తిరుపతిలో మూడవయేడు చదువుచున్న యొక పిల్ల చెప్పినది. రుయాకు రాయలసీమ నలుమూలలనుండియు రోగులు వత్తురు. నెల్లూరిలోను ఉదయము ఓపీ చీటీల వరుస చిన్నది కాదు. ఈ విషయమున రెండింటికిని వంక పెట్టలేము.

ఆ పిల్లయే మరియొక మాట గూడ చెప్పినది, అది చేదు. పెద్ద ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ యేడు పనియే పని. చేయి తిరుగును గాని పుస్తకము తెరచుటకు ప్రొద్దుండదు. కొందరు ఆ యేడు గడిచిన పిదప మరియొక యేడు ఇంటనుండి పరీక్షకు చదువుచున్నారట. పెండ్లి మాటలు ఆ ఖాళీ యేటనే మొదలగుచున్నవట. కావున మొదటి నాలుగేండ్లలోనే చదువు గట్టిపరచుకొనవలెను. అందులకు హాస్టలులో దీపము, నిశ్శబ్దము, తోడుగా నదే పరీక్షకు చదువు నలుగురు స్నేహితురాండ్రు కావలెను. కళాశాల పేరుకంటె నేను విలువ కట్టునది ఈ నలుగురికి. పాత కళాశాలలో నట్టి సీనియర్లు విరివిగా దొరకుదురు. తిరుపతివైపు నేను మొగ్గుటకు ముఖ్య కారణ మిది.

తిరుపతిలోనే స్త్రీలకు మాత్రమే పద్మావతి వైద్య కళాశాల 2014 నుండి కలదు. ఆ పేరు వినగానే వదినగారి మొగము విప్పారినది. దానిని గూడ పట్టికలో జేర్చితిమి.

ఒకవేళ పి.జి.లో రేడియాలజీ రాకపోయిన? ఇది యెవరును పైకి అనని ప్రశ్న. అన్నగారు ఒక రాత్రి అడుగనే అడిగిరి. "తోట అమ్మి చదివించినచో, ఆ సీటు రానినాడు పిల్లకు పోవునది తోటయు, ధైర్యమును గూడ. అమ్మకయే చదివినచో రానినాడు మరల వ్రాయును" అని మా వారనిరి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పనిచేయు ప్రభుత్వ వైద్యులకు మన రాష్ట్రమున పి.జి. సీట్లలో కొంత భాగము విడిగా నున్నది. ఆ త్రోవయు నొకటి కలదు. అన్నగారు చాలసేపు మాటలాడలేదు. పిదప లేచి, తోటకు నీరు పెట్టవలెనని పోయినారు. ఆ గంటకు కరెంటు లేదన్న సంగతి మా కందరకును దెలియును.

విజయవాడ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయమువారికి ఐచ్ఛికముల పట్టిక పంపునప్పుడు మొదట తిరుపతి శ్రీ వేంకటేశ్వర, రెండవది పద్మావతి, మూడవది నెల్లూరు అని వ్రాసినది. ఇచ్చట నొక్క హెచ్చరిక. వచ్చునట్టి దానిని ముందు, వలసినదానిని వెనుక వ్రాయువారు కలరు. అట్లు చేయరాదు. ర్యాంకునకు అందినంతలో పైనున్న దానినే కేటాయింతురు గనుక, మనసులో నున్న వరుసయే కాగితముపై నుండవలెను.

సీటు తిరుపతిలో వచ్చినది. చిన్నాయన సంతోషమనియే చెప్పినాడు. వదినగారు మాత్రము నాతో ఇంకను సరిగా మాటలాడుట లేదు; నెల్లూరయినచో వారమున కొకమారైన చేపలపులుసు అందించెడిదాన నని యామె బాధ. తిరుపతికి సీసాలో పంపదగినది ఊరగాయ యొక్కటే గనుక, నిమ్మకాయ సంగతి వచ్చు నెల తప్పక వ్రాసెదను.