గుండ్లకమ్మ గ్రామములకును కుడికాలువ రైతులకును మనవి

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల నల్లరేగడి నేలలలో మిరపయు పత్తియు పండించు రైతులకును, కౌలుదారులకును, కూలితల్లులకును, సర్పంచులకును, నీటిసంఘముల పెద్దలకును నమస్కరించి చేసికొను విజ్ఞప్తి యిది. ఋతువులు గతి తప్పిన యీ కాలమున మన ప్రాంతమును కాపాడుకొనుటకు వలయు ప్రణాళికను గ్రామములన్నియు ఏకముగా కూర్చుండి మనమే వ్రాసికొనవలెననియు, ప్రభుత్వ నిధులను ఆ ప్రణాళిక చేతబట్టుకొనియే అడుగవలెననియు నా ప్రార్థన.

గడచిన కొలది సంవత్సరములను స్మరింపుడు. 2021-22 లో ఆగ్నేయాసియా నుండి వచ్చిన నల్లతామరపురుగు మిరపతోటలపై బడి, పూత పిందె కాకమునుపే రాల్చివేయగా, లక్షలు పెట్టుబడి పోసిన రైతులు ఆ తోటలను తమ చేతులతోనే పీకివేసిరి. 2023 లో కృష్ణ నీరు చాలక నాగార్జునసాగరు కుడికాలువ క్రింది చేలు బెట్టకు వచ్చి సోలిపోగా, అదే యేడు డిసెంబరు 5 వ తేదీన బాపట్ల చేరువ తీరము దాటిన మిచౌంగ్ తుపాను, నీటికై మొగము వాచిన ఆ సీమనే ముంచివేసినది. మల్లవరము కడ గుండ్లకమ్మ జలాశయమునకు 2022 లో ఒక గేటును, ఆ తుపాను వెంబడి మరియొక గేటును కొట్టుకొనిపోయి, నిలువచేసికొన్న నీరు సముద్రము పాలైనది.

ప్రణాళికలు లేకపోలేదు. శీతోష్ణస్థితి మార్పుపై 2008 లో జాతీయ కార్యాచరణ ప్రణాళికయు, 2012 లో రాష్ట్ర ప్రణాళికయు వెలువడినవి. వాన ఆలస్యమైనచో ఏ పైరు వేయవలెనో తెలుపు జిల్లా ప్రణాళికలను హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ సిద్ధపరచియే యున్నది. నిధులును లేకపోలేదు. ఆ మార్పును తట్టుకొనుటకై 2015 లో ఏర్పడి నాబార్డు ద్వారా నడచిన జాతీయ నిధినుండి మన రాష్ట్రమున పాడిపశువుల రక్షణకై ఒక పథకము మంజూరైనది. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 కాలమునకు పంచాయతీలకిచ్చిన గ్రాంటులో నూటికి 60 పాళ్లు పారిశుద్ధ్యమునకును, త్రాగునీరు, వాననీటి నిలువ వంటి పనులకును కట్టుబడి యుండెను. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు: అదే సంఘము విపత్తుల కొరకు రాష్ట్రములకు నిర్ణయించిన మొత్తములో అయిదవ వంతును, నష్టము జరిగిన పిమ్మట పంచుటకు గాక, నష్టమును ముందే తగ్గించుటకై నష్టనివారణ నిధిగా వేరుపరచినది. తుపాను వెలసిన మరునాడు పరిహారమునకై కచేరీల చుట్టు తిరుగుట మనకు అలవాటైనది గాని, ఈ అయిదవ వంతు ప్రస్తావన మన రచ్చబండల మీద వినవచ్చుట మిక్కిలి అరుదు.

అమెరికా దేశమున 2022 నాటి చట్టము క్రింద భూమిని వేడెక్కించు వాయువులను తగ్గించు పనికై 500 కోట్ల డాలర్లు కేటాయించినపుడు, అందు 25 కోట్లను మొదట ప్రణాళికలు వ్రాసికొనుటకే రాష్ట్రములకును నగరప్రాంతములకును పంచి, పిదపనే తక్కిన ధనమునకు పోటీ పెట్టిరి. మనకు ఆ వ్రాతఖర్చు ఎవరిచ్చినను ఈయకున్నను వెనుదీయరాదు.

ఇది మన రైతునకు చేతగాని పని యనువారు ప్రకాశము మెట్టగ్రామముల చరిత్ర నెరుగరు. ఈ శతాబ్దపు తొలి దశకమున, నెదర్లాండ్సు ప్రభుత్వ ధనసాహాయ్యముతోను, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారముతోను, ప్రకాశముతో గూడ ఏడు కరవు జిల్లాలలో, రైతులే భూగర్భజలమును లెక్కించు పథకమొకటి నడచెను. అందు గ్రామపు ఎల్లలను గాక వాగును ప్రమాణముగా గొనిరి. ఒకే వాగులోనికి వాననీరు జారు ఊళ్లన్నియు ఒక జట్టు. బడిచదువు ఎక్కువ లేని స్త్రీపురుషులు సైతము వానను మిల్లీమీటర్లలో కొలిచిరి. బోరుబావిలోనికి కొలతతీగ దింపి, నీరు తగిలిన లోతును ఊరి నడుమ అందరు చూచునట్లు వ్రాసిపెట్టిరి. రబీకి ముందు కూడుకొని, భూమిలో నున్న నీరింత, వేయదలచిన పైరులు త్రాగునది యింత యని బేరీజు వేసికొనిరి. ఎవరును ఎవరిని శాసింపలేదు. లెక్క కన్నుల యెదుట నుండుటచేతనే వరి తగ్గించి ఆరుతడి పైరులకు మరలినవారు కలరు. అటు పిమ్మట ప్రపంచ పర్యావరణ నిధి గ్రాంటుతో ఈ విద్యనే శీతోష్ణస్థితి మార్పునకును అన్వయించిరి. ఆ లెక్కలు వ్రాసిన చేతులు నేటికిని మన నడుమ నున్నవి, వారిని పిలిపింపుడు.

నల్లమలలో పుట్టి, పదునారవ శతాబ్దపు కంభము చెరువును నింపి, ఒంగోలు సీమ దాటి సముద్రమున గలియు గుండ్లకమ్మకు మండలపు హద్దులు తెలియవు. ఎగువ ఊరు చెరువు పూడిక తీసినచో దిగువ ఊరికి వరద తగ్గును. కాలువ మొదటివారు పొదుపు చేసినచో చివరి భూములకు తడి అందును. కావున అక్టోబరు 2 వ తేదీ మొదలు పంచాయతీ ప్రణాళికలకై గ్రామసభలు జరుగునాటికి, ఒక్కొక్క వాగు క్రింది ఊళ్లును, ఒక్కొక్క మేజరు కాలువ క్రింది ఊళ్లును ముందుగనే కలిసికొని, ఉమ్మడి పనుల పట్టికను సిద్ధపరుపవలెను. లాం పరిశోధనక్షేత్రపు శాస్త్రజ్ఞులను, దర్శి కృషి విజ్ఞాన కేంద్రము వారిని ఆహ్వానింపుడు. మిరపయార్డు వ్యాపారులును, శీతలగిడ్డంగుల యజమానులును అంచనాలు వ్రాయు ఇంజనీరు ఖర్చు భరింతురేని, వారి సరకునకును అది రక్షయే.

పట్టికలో చెరువులతోపాటు మిరపకల్లమును మరువకుడు. మాఘ ఫాల్గుణములలో కోసిన కాయ కల్లమున ఎర్రగా పరచియుండగా ఒక్క రాత్రి అకాలవర్షము తడిపెనా, పట్టా క్రింద చెమ్మగిలి, మచ్చపడి, తాలుకాయగా మారును. మేలికాయకును తాలుకాయకును గల ధరభేదమే పలువురి యిండ్లలో అప్పుగా మిగులును. ఊరుమ్మడి సిమెంటు కల్లములును, ఎండబెట్టు యంత్రములును నష్టనివారణ నిధినుండి అడుగుటకు ఇంతకంటె కారణ మేమి కావలెను? రెంటచింతల ఎండ రాష్ట్రమంతట పేరుమోసినది. అట్టి ఎండలలో కాయ కోయు తల్లులకు నీడపందిరియు, మంచినీరును, పనివేళల మార్పును ప్రణాళికలో ప్రత్యేకమైన పద్దుగా నుండవలెను.

చివరగా నొక మాట వేడుచున్నాను. తొలి సమావేశమునకు కౌలుదారును, కోతకూలీని పిలువకుండ కూర్చుండవద్దు. పట్టాదారు పాసుపుస్తకము లేని వారి పేరులు నష్టపు జాబితా కెక్కుట ఎంత కష్టమో మీకందరకు తెలియును. ఈ పట్టికలోనైనను వారి మాటను మొదటి పుటలోనే వ్రాయుడు.