ఒక గాదెకు ఇరువురు యజమానులు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వారమగు మనకు పొలము గట్టు విలువ యెవరును బోధింప నక్కరలేదు. అన్నదమ్ము లిరువురు ఒకే చెక్కను పంచుకొని సేద్యము చేయునప్పుడు నడుమ సర్వేరాయి యున్నచో స్నేహము నిలుచును. అది లేనిచో ఏదో యొకనాడు ఒకని నాగలి రెండవవాని చాలులోనికి పోక మానదు. దున్నినవానికి దురుద్దేశ మేమియు నుండకపోవచ్చును. మన విద్యార్థులు దినదినము చేపట్టు కంప్యూటరులలోను ఇట్టి గట్టు తగవే యొకటి కలదు. దానిని గూర్చి మా యభిప్రాయమును ఈ సంచికలో విన్నవింప దలచితిమి.

కంప్యూటరునకు విద్యుత్తు అందగానే మొట్టమొదట మేల్కొనునది ఫర్మ్‌వేర్. అది యంత్రమునందలి అవయవములను సిద్ధపరచి, పిమ్మట ఆపరేటింగ్ సిస్టమును పిలిచి అధికారము నప్పగించును. విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్ అనునవి ఆపరేటింగ్ సిస్టములు. ఉదయమున బడి తలుపులు తీసి, బల్లలు సర్ది, గంట కొట్టు బంట్రోతు ఫర్మ్‌వేర్. తరువాత వచ్చి తరగతులు నడుపు ఉపాధ్యాయుడు ఆపరేటింగ్ సిస్టము. తలుపు తీయువాడు లేనిచో ఎంతటి పండితుడైనను వీధిలోనే నిలువవలసినదే. ఈ యిరువురికిని తమ తమ సరకు దాచుకొనుటకు చోటు కావలయును. ఆ చోటు వేరువేరుగా నుండవలెనా, ఉమ్మడిగా నున్నను చాలునా యనునదే ప్రశ్న.

బల్లమీది కంప్యూటరులలో సాధారణముగా ఫర్మ్‌వేర్ మదర్‌బోర్డుపై ప్రత్యేకమగు చిన్న ఫ్లాష్ చిప్పులో నుండును. హార్డ్ డిస్కును పూర్తిగా తుడిచివైచినను దానికి హాని లేదు. చవుకయు చిన్నవియు నగు పరికరములలో అట్లు కాదు. టాబ్లెట్లు, ఫోనులు, అరచేత నిముడు బోర్డు కంప్యూటరులు మొదలగువానిలో పెక్కింట ఒకే నిల్వ చిప్పు ఇరువురకును గాదె యగుచున్నది. 2022 డిసెంబరు 21వ తేదీన తెనాలికి సమీపమున, బాపట్ల జిల్లాలోని యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వమువారు ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబ్లెట్లు పంచుట నారంభించిరి. ఆ పథకమున రాష్ట్రమునకంతకు ఉద్దేశింపబడినవి ఐదు లక్షలకు పైబడినవి. కావున ఇది ఇంజనీర్ల చర్చ మాత్రమే కాదు, మన యిండ్ల సంగతి. టాబ్లెట్లలో తయారీదారులు ఫర్మ్‌వేర్ భాగమునకు తాళము వేసి యుంచుదురు. బోర్డు కంప్యూటరులలో తరచుగా ఆ తాళమును ఉండదు.

కొన్ని యేండ్ల క్రిందట మా యెదుట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. రేపల్లె వైపు పల్లెనుండి వచ్చు విద్యార్థి యొకడు బోర్డు కంప్యూటరుపై లినక్స్ నెక్కింపబూని, నిల్వ చిప్పుపై జీపీటీ అను విభాగముల పట్టికను క్రొత్తగా వ్రాసెను. పుస్తకములో నున్నట్లే చేసెను. మరల మీట నొక్కగా తెర వెలుగలేదు. మేము బాలుని కఠినముగా మందలించితిమి. కౌలుసేద్యము చేయు తండ్రి మరునాడు బడికి వచ్చి, “మాస్టరుగారూ, మావాడు పాడుచేసినదానికి ఎంతవుతుందో చెప్పండి. పంట ఇంటికి రాగానే కట్టుకుంటాను” అనెను.

పిదప కారణము వెదకితిమి. ఆ పట్టిక 512 బైట్ల గడులు ముప్పదినాలుగింటిని, అనగా చిప్పు మొదటనున్న 17,408 బైట్లను ఆక్రమించును. ఆ బోర్డులోని ప్రాసెసరు తన తొలి ప్రోగ్రామును 8,192వ బైటు నొద్ద వెదకును. ఒకే చోటు ఇరువురకు వ్రాసి యిచ్చిరన్నమాట! వేరొక కార్డుపై ఫర్మ్‌వేర్ వ్రాసి బోర్డును బ్రతికించితిమి. తండ్రి యొద్ద పైకము పుచ్చుకొనలేదు సరికదా, తప్పు మాదేయని బాలునితో తరగతి యెదుట చెప్పితిమి.

కావున మా యభిప్రాయ మిది: ఫర్మ్‌వేరునకు వేరు చోటు ఉండి తీరవలయును. రాస్ప్‌బెర్రీ పై తొలి నమూనాలలో ప్రారంభ ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టముతో కలిసి ఒకే కార్డుపై నుండెడిది. 2019లో వెలువడిన నాలుగవ నమూనాలో దానికి ప్రత్యేకముగా 512 కిలోబైట్ల చిప్పు నిచ్చిరి. ఇది మెచ్చదగిన మార్పు. అయినను వేరు గది కట్టి తాళము మరచిన ప్రయోజనము లేదు. 2017 డిసెంబరులో ఉబుంటు 17.10 కూర్పులోని యొక డ్రైవరు కొన్ని ల్యాప్‌టాపులలో ఫర్మ్‌వేర్ చిప్పునే చెరచెను. ఆ కూర్పును వారు నిలిపివేసి, దోషమును తొలగించి, 2018 జనవరిలో మరల విడుదల చేసిరి.

వేరు చిప్పు పెట్టిన వెల పెరుగును, బోర్డుపై చోటు చాలదు అని కొంద రందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. అట్టిచో రెండు మార్గములు కలవు. ఈఎమ్‌ఎమ్‌సీ అను నిల్వ చిప్పులలోనే బూట్ విభాగములని వేరు అరలు రెండుండును, ఫర్మ్‌వేరును అందుంచవచ్చును. అదియు కుదరనిచో పట్టికలోనే ఫలానా భాగము ముట్టరాదని గురుతు వేయవచ్చును. ఆర్మ్ జాతి ప్రాసెసరుల బోర్డులకై యేర్పడిన ఈబీబీఆర్ అను నియమావళి చెప్పునదియు నిదియే: సాధ్యమైనంతవరకు వేరు చోటు, సాధ్యము కానిచో గురుతు వేసిన భాగమును ఆపరేటింగ్ సిస్టము నెక్కించు ప్రోగ్రాములు తుడువరాదు, కదల్చరాదు. గురుతు వేయుటకు కాసు ఖర్చు లేదు. దానినిగూడ ఉపేక్షించి మిగుల్చుకొన్నదానికి మూల్యమును చెల్లించువాడు తయారీదారుడు కాడు, మారు పరికరము కొనలేని బడిపిల్లవాడు.

విద్యార్థులారా! క్రొత్త బోర్డును తుడుచుటకు ముందు దాని ఫర్మ్‌వేర్ ఎచ్చటనున్నదో చదివి తెలిసికొని, ఒక ప్రతిని దాచుకొనుడు. తల్లిదండ్రులారా! యంత్ర మాగిపోయినంతమాత్రమున బిడ్డను దోషిగా నెంచకుడు. పాఠశాలలకు పరికరములు కొను పెద్దలారా! వెల యెంత యని యడుగునప్పుడే గట్టు ఎచ్చట నున్నదనియు నడుగుడు. రాయి పాతని పొలములో హద్దు దాటెనని పిల్లవానిని దండించుట న్యాయము కాదు.