అభియోగ పత్రంలో లేని పేర్లు

అమెరికా అధ్యక్షుల మీద వచ్చే ఆరోపణలు ఆ దేశపు ఎల్లలలో ఆగవు. అవి మన పత్రికలలోకి, మన ఇళ్ళ సంభాషణలలోకి కూడా వస్తాయి. మన దేశంలో బయటపడే కుంభకోణాలకు సైతం మన పత్రికలు 'గేట్' అనే తోకను తగిలిస్తుంటాయి. వాటర్‌గేట్ భవనం పేరు ఆ విధంగా మన భాషలోనూ స్థిరపడింది. దానితోపాటు ఒక నమ్మకమూ స్థిరపడింది. అమెరికాలో అధ్యక్షుడైనా చట్టానికి తలవంచక తప్పదనీ, తప్పు చేసినవాడు గద్దె దిగక తప్పదనీ చాలామంది చదువుకున్నవారు నమ్ముతారు. ఆ నమ్మకంలో సగం మాత్రమే నిజమని మేము భావిస్తున్నాము. తక్కిన సగం ఏమిటో ముస్లిం కుటుంబాలు తప్పక తెలుసుకోవలసి ఉంది.

వాటర్‌గేట్‌తోనే మొదలుపెడదాం. 1972 జూన్ 17 తెల్లవారుజామున వాషింగ్టన్‌లో డెమోక్రటిక్ పార్టీ కార్యాలయంలో జొరబడిన అయిదుగురు పట్టుబడ్డారు. ఆ దొంగతనాన్ని కప్పిపుచ్చే ప్రయత్నంలో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ చిక్కుకుపోయి, 1974 ఆగస్టు 9న పదవి వదిలి వెళ్ళాడు. ఈ కథ అందరికీ తెలిసినదే. పదవి వదలడానికి పది రోజుల ముందు జరిగిన సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ప్రతినిధుల సభకు చెందిన న్యాయ వ్యవహారాల సంఘం ఆయనపై అభిశంసన అభియోగాలను పరిశీలించింది. న్యాయానికి ఆటంకం కలిగించినందుకు, అధికారాన్ని దుర్వినియోగం చేసినందుకు, చట్టసభను ధిక్కరించినందుకు మూడు అభియోగాలను ఆమోదించింది. కంబోడియాపై రహస్యంగా బాంబుల వర్షం కురిపించి, ఆ సంగతిని చట్టసభకు దాచినందుకు మరొక అభియోగం ప్రతిపాదనకు వచ్చింది. 1969 మార్చి నుండి 1970 మే వరకు సాగిన ఆ దాడులలో బీ-52 విమానాలు మూడు వేలకు పైగా సార్లు ఎగిరాయి. బాంబులు దక్షిణ వియత్నాంలో పడినట్లు తప్పుడు లెక్కలు రాయించారు. సంఘం ఆ అభియోగాన్ని 26-12 ఓట్లతో తోసిపుచ్చింది. ప్రతిపక్ష కార్యాలయంలో దొంగతనాన్ని దాచిపెట్టడం అభిశంసనకు తగిన నేరమైంది. పరాయి దేశపు పల్లెలపై బాంబులు వేసి దాచిపెట్టడం ఆ పత్రంలోకే ఎక్కలేదు. చివరకు ఆ చిన్న నేరానికి కూడా విచారణ జరగలేదు. నెల తిరగగానే, సెప్టెంబరు 8న, కొత్త అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ నిక్సన్‌కు సంపూర్ణ క్షమాభిక్ష ప్రసాదించాడు.

ఇది ఒక్క అధ్యక్షుడితో ముగిసిన విచిత్రం కాదు. తరువాతి యాభై ఏళ్ళ చరిత్రను పరిశీలిస్తే, పార్టీలు మారినా ఈ కొలమానం మారలేదని తేటతెల్లమవుతుంది.

1986లో రోనాల్డ్ రీగన్ ప్రభుత్వం ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మి, ఆ సొమ్మును నికరాగువాలోని సాయుధ ముఠాలకు మళ్ళించిన బాగోతం బయటపడింది. ఆ ముఠాలకు సహాయం చేయరాదని చట్టసభ అప్పటికే నిషేధించి ఉన్నది. మరొకవైపు అదే అమెరికా ఇరాన్‌తో పోరాడుతున్న ఇరాక్‌కు గూఢచార సమాచారం అందిస్తున్నది. ఆ యుద్ధంలో రెండు వైపులా లక్షలాది ముస్లిం యువకులు నేలకొరిగారు. విచారణలో అమెరికా అధికారులను అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే: చట్టసభకు అబద్ధం చెప్పారా లేదా? ఆ ప్రశ్నకూ పూర్తి జవాబు రాలేదు. 1992 డిసెంబరు 24న అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ మాజీ రక్షణమంత్రి కాస్పర్ వైన్‌బర్గర్‌తో సహా ఆరుగురికి క్షమాభిక్ష ఇచ్చాడు. వైన్‌బర్గర్‌పై విచారణ ఇంకా మొదలే కాలేదు.

1998 ఆగస్టు 17న అధ్యక్షుడు బిల్ క్లింటన్ తన వ్యక్తిగత సంబంధాన్ని గురించి గ్రాండ్ జ్యూరీ ఎదుట వాంగ్మూలం ఇచ్చాడు. మూడు రోజుల తరువాత అమెరికా క్షిపణులు సూడాన్‌లోని అల్-షిఫా మందుల కర్మాగారాన్ని నేలమట్టం చేశాయి. తూర్పు ఆఫ్రికాలోని రెండు అమెరికా దౌత్య కార్యాలయాలపై జరిగిన ఘోరమైన బాంబు దాడులకు అది జవాబు అన్నారు. అక్కడ విషవాయువుకు కావలసిన రసాయనం తయారవుతోందని చెప్పారు. ఆ ఆరోపణకు తగిన రుజువు ప్రజల ముందుకు రాలేదు. ఆ పేద దేశపు రోగులకు మలేరియా మందులు, పశువులకు మందులు తయారుచేసే కర్మాగారం అది. యజమాని నష్టపరిహారం కోసం కోర్టుకు వెళితే, ఇది రాజకీయ ప్రశ్న, మేము తేల్చదగినది కాదని వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు 2010లో తలుపు మూసింది. అదే క్లింటన్‌ను 1998 డిసెంబరు 19న ప్రతినిధుల సభ అభిశంసించింది. నేరాలు, ప్రమాణం చేసి అబద్ధమాడటం, న్యాయానికి ఆటంకం కలిగించడం. ఆ నాలుగు రోజులూ బాగ్దాద్‌పై బాంబులు పడుతూనే ఉన్నాయి. బాంబుల మాట అభిశంసన పత్రంలో ఒక్కటీ లేదు.

ఇక ఇరాక్ యుద్ధం. 2003 ఫిబ్రవరి 5న కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో కూర్చుని సద్దాం వద్ద జనహనన ఆయుధాలున్నాయని ప్రపంచాన్ని నమ్మించబోయాడు. ఆ నెపంతో ఒక దేశాన్ని ఆక్రమించి ఛిన్నాభిన్నం చేశారు. ఆయుధ నిల్వలు లేవని 2004లో అమెరికా నియమించిన పరిశోధక బృందమే తేల్చింది. ఆ సంవత్సరం మార్చిలో విలేఖరుల విందులో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ తన కార్యాలయంలో బల్లల కింద ఆయుధాలు వెతుకుతున్న బొమ్మలు చూపించి హాస్యమాడాడు. సభికులు నవ్వారు. ఈ వ్యవహారంలో శిక్ష పడినది ఉపాధ్యక్షుడి కార్యదర్శి లూయిస్ లిబ్బీకి. అది కూడా యుద్ధానికి కాదు. ఒక గూఢచార ఉద్యోగిని పేరు బయటపడిన కేసులో దర్యాప్తు అధికారులకు అబద్ధం చెప్పినందుకు. ఆయన ముప్పై నెలల జైలుశిక్షను బుష్ రద్దు చేయగా, 2018లో డొనాల్డ్ ట్రంప్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు.

బందీల చిత్రహింసల కథ మరీ దారుణం. సీఐఏ రహస్య చెరలలో 119 మందిని నిర్బంధించారనీ, వారిలో కనీసం 26 మందిని సంస్థ తన నియమాలకే విరుద్ధంగా పట్టుకున్నదనీ 2014 డిసెంబరులో సెనేట్ గూఢచార సంఘం నివేదిక వెల్లడించింది. ఆ హింసలకు ఆదేశమిచ్చినవారిలో ఒక్కరిపైనా కేసు లేదు. వెనక్కి చూడటం కంటే ముందుకు చూడాలని బరాక్ ఒబామా అన్నాడు. ఆ కార్యక్రమానికి సంబంధించి జైలుకు వెళ్ళినది జాన్ కిరియాకు. సీఐఏ ఖైదీలను నీటిలో ముంచే హింసకు గురిచేసిందని బహిరంగంగా చెప్పిన మాజీ ఉద్యోగి ఆయన. ఒక గూఢచారి పేరు వెల్లడించాడన్న నేరంపై ఆయనకు 2013లో ముప్పై నెలల శిక్ష పడింది. హింసించినవాడు ఇంట్లో ఉన్నాడు, హింస జరిగిందని చెప్పినవాడు జైలుకు వెళ్ళాడు.

అరుదుగా శిక్ష పడినచోట దానిని కూడా నిలవనివ్వలేదు. 2007 సెప్టెంబరు 16న బాగ్దాద్‌లోని నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ సంస్థ కావలిదారులు కాల్పులు జరిపి 17 మంది పౌరులను చంపారు. మృతులలో పసిపిల్లలూ ఉన్నారు. ఏళ్ళ తరబడి సాగిన విచారణలో సాక్ష్యం చెప్పడానికి ఇరాకీలు సముద్రాలు దాటి వాషింగ్టన్ వెళ్ళారు. నలుగురికి శిక్షలు పడ్డాయి. 2020 డిసెంబరు 22న ట్రంప్ ఆ నలుగురినీ క్షమించి విడిచిపెట్టాడు. క్షమించే ముందు మృతుల కుటుంబాలను అడగాలన్న నియమం ఆ రాజ్యాంగంలో లేదు. క్షమించే హక్కు ఎవరిది? నష్టపోయినవారిదా, నష్టం కలిగించినవారి నాయకుడిదా? మన ధర్మసూత్రాలలో హత్యకు గురైనవాడి వారసుల మాటకు ఎంత విలువ ఉన్నదో పాఠకులకు మేము గుర్తు చేయనక్కరలేదు.

ఇప్పుడు ఈ వ్యవహారం చట్టపు ముద్రను కూడా సంతరించుకున్నది. 2024 మే 30న ట్రంప్‌ను న్యూయార్క్ జ్యూరీ 34 అభియోగాలలో దోషిగా తేల్చింది. అవి ఒక స్త్రీ నోరు మూయించడానికి ఇచ్చిన సొమ్మును లెక్కల పుస్తకాలలో దాచిన నేరాలు. ఆయనకు ఎలాంటి శిక్షా పడలేదు. అదే ఏడు జూలై 1న సుప్రీంకోర్టు 6-3 తీర్పులో, అధ్యక్షుడు తన మౌలిక రాజ్యాంగ అధికారాలతో చేసిన పనులకు నేరవిచారణ నుండి పూర్తి రక్షణ ఉందని ప్రకటించింది. ప్రత్యర్థిని చంపమని సైన్యాన్ని ఆజ్ఞాపించినా అధ్యక్షుడికి రక్షణ దొరుకుతుందని జస్టిస్ సోనియా సోటోమేయర్ తన భిన్నాభిప్రాయంలో హెచ్చరించారు. ఆ హెచ్చరిక విని అమెరికా ఉలిక్కిపడింది. కానీ యెమెన్‌కు అది కొత్త కాదు. 2011 అక్టోబరులో అక్కడ డ్రోన్ దాడిలో చనిపోయినవారిలో పదహారేళ్ళ బాలుడొకడు అమెరికా పౌరుడే. అతని కుటుంబం వేసిన దావాను 2014లో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. అప్పటి అధ్యక్షుడు ఒబామా. కాబట్టి ఒక పార్టీని తిట్టి మరొక పార్టీని మెచ్చుకుంటే సరిపోదు.

ఇంతకూ దూరదేశపు కథలు మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. దూరమని మనం అనుకోవడమే కాని, విద్వేషానికి దూరం తెలియదు. 2017 జనవరి 27న ట్రంప్ ఏడు ముస్లిం దేశాల పౌరుల రాకను నిషేధించాడు. ఆ జాబితాలో ఇరాన్ ఉన్నది. నెల తిరగకముందే, ఫిబ్రవరి 22న, కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లపై ఒకడు కాల్పులు జరిపాడు. వారు ఇరానీయులని అతడు భ్రమించాడు. ఒకరు చనిపోయారు. మృతుడు ఇరానీయుడూ కాదు, ముస్లిమూ కాదు, హైదరాబాదు బిడ్డ. ఒక సమాజంపై అనుమానాన్ని ప్రభుత్వమే చల్లినప్పుడు అది ఎవరి గుమ్మంలో మొలకెత్తుతుందో ఎవరూ చెప్పలేరు. ఆ నిషేధపు మూడవ రూపాన్ని 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది. 2021లో రద్దయిన ఆ విధానం 2025 జూన్‌లో పన్నెండు దేశాలతో తిరిగి వచ్చింది.

అయితే నిరాశతో ముగించడం మా ఉద్దేశం కాదు. అమెరికాలోనే దీనికి ఎదురు నిలిచిన మరొక చరిత్ర ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సుమారు లక్షా ఇరవై వేల మంది జపాను సంతతివారిని, తమ పౌరులని కూడా చూడకుండా, శిబిరాలలో బంధించారు. ఫ్రెడ్ కొరెమాట్సు అనే యువకుడు ఎదిరిస్తే 1944లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్నే సమర్థించింది. ఆ సమాజం మరచిపోలేదు. ప్రభుత్వ దస్తావేజుల గదులలో ఏళ్ళ తరబడి వెదికి, నాటి ప్రభుత్వం కోర్టుకు దాచిపెట్టిన నివేదికలను వెలికితీశారు. 1983లో కొరెమాట్సు శిక్ష రద్దయింది. 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ప్రతి బాధితుడికీ ఇరవై వేల డాలర్లు చెల్లించే చట్టం చేసింది. వృద్ధుడైన కొరెమాట్సు అంతటితో ఆగలేదు. గ్వాంటనామోలో విచారణ లేకుండా మగ్గుతున్న ముస్లిం ఖైదీల పక్షాన సుప్రీంకోర్టుకు విన్నపం సమర్పించాడు. అబూ గ్రైబ్ బాధితులైన ముగ్గురు ఇరాకీలకు, 2008లో మొదలైన దావాలో, 2024 నవంబరులో వర్జీనియా జ్యూరీ ఒక కాంట్రాక్టు సంస్థ నుండి 4.2 కోట్ల డాలర్ల పరిహారం మంజూరు చేసింది. వీటిలో ఏదీ ఏ అధ్యక్షుడి దయవల్లా రాలేదు. బాధితులు తమ సాక్ష్యాన్ని చావనివ్వలేదు కాబట్టి వచ్చింది.

మన దగ్గర కూడా ఇటువంటి అనుభవం ఉన్నది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పాతబస్తీ యువకులను పోలీసులు పట్టుకుపోయారు. చాలామంది నిర్దోషులుగా బయటకు వచ్చారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిని పంపి వారి వాంగ్మూలాలను నమోదు చేయించింది. ఆ కాగితాలు ఉండబట్టే నష్టపరిహారం మాట ప్రభుత్వం దాకా వెళ్ళింది, చెల్లింపు ఉత్తర్వూ వచ్చింది. తరువాత హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. అయినా ఆ వాంగ్మూలాలు చెరిగిపోలేదు.

కనుక వాషింగ్టన్ నుండి రేపు మరొక 'గేట్' వార్త వచ్చినప్పుడు, ఎవరు గద్దె దిగుతారన్న ఉత్సాహంతోపాటు ఆ అభియోగ పత్రంలో ఎవరి పేర్లు లేవో కూడా చూడండి. మన ఊళ్ళలో ఒక బిడ్డను అన్యాయంగా పట్టుకుపోయినప్పుడు తేదీ, వేళ, ఠాణా పేరు, వచ్చినవారి వివరాలు ఆనాడే రాసిపెట్టండి. ఆసుపత్రి చీటీని, కోర్టు ఉత్తర్వు నకలును, బెయిలు కాగితాన్ని జాగ్రత్త చేయండి. ప్రతి మసీదు కమిటీ, ప్రతి సంఘం ఇందుకోసం ఒక దస్త్రాన్ని తెరవాలని మా విజ్ఞప్తి. అధికారంలో ఉన్నవారు తమ పేర్లను తుడిచివేసుకోగలరు. మన పేర్లను నమోదు చేసి ఉంచవలసినది మనమే.