మన బతుకు రాసుకుపోయారు, మనకు చూపించరా?

సంచి భుజాన వేసుకొని వాడలోకి వస్తారు. జమ్మలమడుగు పక్క పల్లెయినా, పులివెందుల పక్క పల్లెయినా ఇదే తంతు. కూలి ఎంత? హోటల్లో గ్లాసు వేరేనా? డి.కె.టి. పట్టా మీ పేరున ఉంటే భూమి ఎవరి కింద ఉంది? అన్నీ అడుగుతారు. మన అవ్వలు పని పక్కనబెట్టి, ఇంత జొన్నరొట్టె పెట్టి మరీ చెప్తారు. ఆ రాత డాక్టరేటవుతుంది, ఉద్యోగమవుతుంది, ప్రమోషనవుతుంది. వాడకు మాత్రం ఒక్క కాగితం తిరిగి రాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. మా కులం మీద రాసిన పరిశోధన చూద్దామని ఒక లైబ్రరీకి పోతే, "బయటివాళ్లకు ఇవ్వం" అన్నారు. మా పెద్దలు చెప్పిన మాటలకు మేమే బయటివాళ్లమా? ఊరి బావి దగ్గర విన్న మాటే బీరువా దగ్గరా విన్నాం.

చోటు లేక కాదు. అధ్యాపకుల వ్యాసాలు అందరూ చదువుకునేలా కంప్యూటర్లో భద్రపరిచే భాండారాన్ని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 2002లోనే మొదలుపెట్టింది. పిహెచ్.డి. గ్రంథం కంప్యూటర్ ప్రతిని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌లో పెట్టాలని యు.జి.సి. 2009లో నిబంధన చేసింది. ఆ గ్రంథాలుండే చోటే 'శోధ్‌గంగ'. సెల్‌ఫోనుంటే పైసా ఇవ్వకుండా చదవొచ్చు.

అయితే ఆ నిబంధన పరిశోధన గ్రంథాలకే. అధ్యాపకుల వ్యాసాలు, సర్వే రిపోర్టులు వాళ్ల ఇష్టం. ఇక్కడే లైబ్రేరియన్ పని ఉంది. కుర్చీలో కూర్చుంటే కాదు, డిపార్టుమెంటు డిపార్టుమెంటుకూ పోయి అడగాలి. "కాపీ కొడతారు" అంటే, తేదీతో సహా అందరి కళ్లముందున్న దాన్ని దొంగిలించడమే కష్టమని చెప్పాలి. "పత్రికవాళ్లు ఒప్పుకోరు" అంటే, చాలా పత్రికలు రచయిత చేతిప్రతిని పెట్టుకోనిస్తాయని, ఆ షరతులు తానే చూసిపెడతానని చెప్పాలి. "తీరిక లేదు" అంటే, ఫైలు ఇవ్వండి చాలు, ఎక్కించే పని నాదనాలి.

ఒక జాగ్రత్త మాత్రం మనమే అడగాలి. దాడికి గురైనవాళ్ల పేర్లు, సాక్షుల ఊర్లు తీసేసి పెట్టాలి. లోకానికి తెలియాల్సింది అన్యాయం, ఆడబిడ్డ చిరునామా కాదు.

1936లో లాహోర్ సభలో అంబేద్కర్‌ను మాట్లాడనివ్వలేదు. ఆయన ఆ ప్రసంగాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించారు. బీరువాలో పెట్టి తాళం వేసుకొనుంటే 'కుల నిర్మూలన' మన వాడకు చేరేదా?

అందుకే కార్యకర్తలారా, ఈసారి సంచి భుజాన వేసుకొని వచ్చినాయన్ను వెళ్లగొట్టొద్దు. రొట్టె పెట్టండి. నోరు విప్పేముందు మాత్రం మూడు మాటలడగండి: రాసింది ఎక్కడ పెడతావు? మా పేర్లు ఎట్లా దాస్తావు? రెండు పేజీలు తెలుగులో రాసి మాకెప్పుడిస్తావు? కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలోనూ, ప్రొద్దుటూరు, పులివెందుల కాలేజీల్లోనూ చదివే మన పిల్లలు లైబ్రేరియన్‌ను కలిసి, మన మీద ఏమేం రాశారో జాబితా అడగండి. అన్యాక్రాంతమైన పట్టా భూమి గురించి పదేళ్ల కింద రాసిన సర్వే దొరికితే, రేపు ఆర్డీవో ముందర అర్జీకి అదొక బలం.

చెప్పింది మనం. చదివే హక్కూ మనదే.

జై భీమ్!