60 లక్షల కారుకు పన్ను మాఫీ ఎందుకు?
తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ 18 నుంచి విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా ఎత్తేసింది. 2026 డిసెంబర్ 31 దాకా గడువు పెట్టింది. ఉద్దేశం మంచిదే, ధరకు హద్దు పెట్టకపోవడమే తప్పు. 20 లక్షలు దాటిన పెట్రోలు కారుకు కనీసం 18 శాతం జీవితకాల పన్ను ఉన్నచోట, 60 లక్షల విద్యుత్ కారు మీద ఖజానా వదులుకునేది 10 లక్షల పైమాటే. అదే స్కూటరు కొన్న డెలివరీ కుర్రాడికి మిగిలేది కొన్ని వేలు. ధర ఎంతైనా పొగ రాదు కదా, పన్ను వేస్తే కొనేవాళ్లు వెనక్కి తగ్గరా అని అడుగుతారు. మహారాష్ట్ర కూడా 2025లో 30 లక్షలు దాటిన వాటిపై 6 శాతం పన్ను ప్రతిపాదించి, విమర్శలు రాగానే విరమించుకుంది. చిన్న కార్ల విషయంలో ఆ భయం నిజమే, అక్కడ మాఫీ ఉండాల్సిందే. కానీ 60 లక్షలు పెట్టగలిగిన మనిషి ఆలోచించేది పన్ను గురించి కాదు. కర్ణాటక 2024లోనే 25 లక్షలు దాటిన వాటికి 10 శాతం పన్ను వేసింది. ఇక్కడా ఆ గీత గీయాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సొంత ప్లగ్గు ఉన్నవాళ్లకు ప్రభుత్వ సాయం అక్కర్లేదు. గల్లీలో ఆటో నిలిపి, కిటికీలోంచి వైరు లాగి రాత్రంతా చార్జింగ్ పెట్టుకునే డ్రైవరుకు కావాలి. వచ్చిన డబ్బుతో ముందుగా ఆ గల్లీల్లో చార్జింగ్ పాయింట్లు పెట్టాలి.